అయ్యో అన్నవాళ్ళే టీ పెట్టాలి

బాబాయ్ పోయారని కాకినాడ నుంచి పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. ఇక్కడ దోహాలో శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయిపోయి రోడ్డు మీద కార్ల సందడి మొదలైన వేళ. "నిద్రలోనే పోయారమ్మా, ఏ బాధా పడలేదు" అంది పిన్ని. నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది. అవతల పిన్ని ముక్కు తుడుచుకుని, మామూలు గొంతుతో అంది:

"అన్నావుగా. అయితే లేచి టీ పెట్టుకో."

ఏడుస్తూనే లేచి గిన్నెలో నీళ్ళు పోశాను. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పాను. "అయ్యో" అన్నాడు. చెంచా ఆయన చేతికిచ్చి పక్కకు జరిగాను.

ఈ తతంగం చూసినవాళ్ళు మాకు పిచ్చి అనుకుంటారు. బాబాయ్ ఇంట్లో శుక్రవారాలు గడిపినవాళ్ళకు మాత్రం ఇది చట్టం.

ఆయన నాకు వరసకు ఏమీ కారు. మాది హనుమకొండ, ఆయనది కాకినాడ. దోహా వచ్చిన కొత్తలో అందరిలాగే నేనూ అంకుల్ అని పిలిచాను. ఆయన నొచ్చుకున్నారు. "ఇంగ్లీషువాడికి అన్నీ తెలుసు గానీ చుట్టరికాలు తెలీవు. మావయ్యనీ బాబాయినీ పెదనాన్ననీ ఒకే సంచిలో వేసి అంకుల్ అంటాడు. నన్ను ఆ సంచిలో వెయ్యకు తల్లీ" అన్నారు. అప్పటినుంచి బాబాయ్. ఇంగ్లీషువాడి గురించి ఆయన నోటివెంట నేను విన్న ఒకే ఒక్క ఫిర్యాదు అది. మిగతా అన్ని విషయాల్లో, ముఖ్యంగా నవ్వించే విషయంలో, ఇంగ్లీషువాడి తరవాతే ఎవరైనా.

ఉద్యోగానికి ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో పైపుల ఇన్‌స్పెక్టరు. వెల్డింగు అతుకుల్ని టార్చి వేసి చూసి, పాసో ఫెయిలో చెప్పడం పని. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పిన్ని పప్పు పాస్. కొత్తగా వచ్చిన తెలుగు సంఘం సెక్రెటరీ ప్రసంగం రిజెక్ట్. నేను తీసుకెళ్ళిన సకినాలు మొదటిసారి "రీవర్క్", రెండోసారి పాస్.

మదీనత్ ఖలీఫాలో వాళ్ళ ఫ్లాటు మా ఇంటికి నడిచిపోయే దూరమే. శుక్రవారం భోజనాలయ్యాక హాల్లో సోఫాలు గోడకు నెట్టి కుర్చీలు వరసగా వేసేవారు. ఎదురుగా టీవీ. అది చూడ్డానికి బాబాయ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టక్ చేసుకుని, సొంత ఇంట్లో బూట్లు కూడా వేసుకునేవారు. లుంగీ కట్టుకుని నవ్వితే అది నవ్వు కాదట, కాలక్షేపమట. "అక్కడ వాళ్ళు సూట్లేసుకుని చెమటలు కక్కుతూ ఆడుతున్నారు. మనం కనీసం గుండీలు పెట్టుకోవాలా వద్దా?" అనేవారు.

చూసేవన్నీ పాత బ్రిటిష్ కామెడీలు. వెనకాల జనం నవ్వు వినిపించే రకం. ఒక ఇల్లు, ఒక సోఫా, సరిగ్గా రాకూడని సమయంలో తలుపు తీసుకుని వచ్చే ఒక మనిషి. ఆ యాస మాకు సగం అర్థమయ్యేది కాదు. ఆ సంగతి తెలిసి బాబాయ్ జోకుకి కాస్త ముందే తాను నవ్వడం మొదలుపెట్టేవారు. మొదట భుజాలు కదిలేవి, తరవాత కుర్చీ కదిలేది, ఆ తరవాత టీవీలో జోకు వచ్చేది.

"మీరు ముందే నవ్వితే మాకు నవ్వెట్ల వస్తది బాబాయ్?" అని నేను దెబ్బలాడేదాన్ని.

"రైలొచ్చాక స్టేషనుకెడతావా? ముందే వెళ్ళి నిలబడతావా? నవ్వూ అంతేనే" అనేవారు. జోకు అయిపోయాక బొటనవేలితో మోకాలి మీద ముద్ర గుద్ది "పాస్" అనేవారు. ఒక్కోసారి మరీ నచ్చితే, అరబ్బువాళ్ళలా "యల్లా, వెనక్కి!" అని రిమోట్ అందుకుని మళ్ళీ వేసేవారు. ఆ రెండోసారి మేమూ మొదటిసారి అంతే నవ్వాలి. తగ్గితే ఒప్పుకునేవారు కాదు.

ఇక మల్లేశ్. జగిత్యాల దగ్గరివాడు, బాబాయ్ కంపెనీలోనే వ్యాను డ్రైవరు. వారమంతా బాబాయ్‌ని సైటుకు తీసుకెళ్ళి తెచ్చేవాడు. డ్యూటీలో "సార్", శుక్రవారం "బాబాయ్". క్యాంపులో ఒక్కడే పడుకుని ఏం చేస్తావురా అని బాబాయే పిలిచారు. మొదటిరోజు వచ్చి వెనక కుర్చీలో బెరుగ్గా కూర్చున్నాడు. బ్రిటిష్ కామెడీలో ఎవడో ఒకడు కింద పడక తప్పదు కదా. ఆ రోజు ఒక లావుపాటాయన నిచ్చెన మీదనుంచి పూలకుండీల్లో పడ్డాడు.

"అయ్యో! నడుమిరిగింది గావచ్చు పాపం!" అన్నాడు మల్లేశ్.

బాబాయ్ రిమోట్ నొక్కారు. తెర మీద ఆ లావుపాటాయన కాళ్ళు పైకెత్తుకుని ఆగిపోయాడు. బాబాయ్ లేచి మా వైపు తిరిగారు.

"ఒరేయ్ మల్లేశూ, వాడు పడింది నీ జాలి కోసం కాదురా, నీ నవ్వు కోసం. నువ్వు జాలిపడ్డావంటే వాడు పడిన దెబ్బ వృథా. మన తెలుగువాళ్ళతో ఇదే చిక్కు. నవ్వమంటే అయ్యో అంటాం. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో అయ్యో అన్నవాళ్ళు లేచి అందరికీ టీ పెట్టాలి. వెళ్ళు."

మల్లేశ్ వెళ్ళి టీ పెట్టాడు. ఆ తరవాత అది దాదాపు అతని ఖాయం ఉద్యోగమైపోయింది, ఎందుకంటే అతని నోరు ఆగేది కాదు. ఒకసారి ఊరి నుంచి, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే తల్లి ఫోన్ చేసి, "దుబాయ్‌ల శుక్రారం ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగితే, "సార్ ఇంట్ల చాయ్ పెడ్త అమ్మా" అన్నాడు. "గా పనికి గంత దూరం పోవాల్నా?" అందట ఆవిడ. అది చెప్పినప్పుడు బాబాయ్ నవ్వి నవ్వి, మోకాలి మీద ముద్ర గుద్దేశారు.

చట్టం పెట్టాక తగవులూ వచ్చాయి. మా ఆయన అయ్యో అనబోయి దగ్గు కింద మార్చేవాడు. నేను ఒకసారి "అమ్మో" అన్నాను. అది అయ్యో కిందికి వస్తుందని మల్లేశ్ పట్టుబట్టాడు, ఒక్కసారైనా అతనికి ఆ పని తప్పుతుందని ఆశ. బాబాయ్ కళ్ళు మూసుకుని ఆలోచించారు. "అమ్మో అంటే తన భయం. అయ్యో అంటే అవతలివాడి బాధ. అమ్మో పాస్. అయ్యో ఫెయిల్" అని తీర్పు చెప్పారు. మల్లేశ్ గొణుక్కుంటూ కూర్చున్నాడు.

ఆ ఇంట్లో ఒక్కసారి కూడా టీ పెట్టనిది బాబాయ్ ఒక్కరే.

ఎందుకు పెడతారు? ఆయన మామూలు ప్రేక్షకుడు కారు. ఇంగ్లండులో టీవీ కామెడీ తీస్తుండగా ఎదురుగా కూర్చుని నవ్విన మనిషి. ఈ కథ మాకు అందరికీ కంఠతా వచ్చు. పెళ్ళైన కొత్తలో కంపెనీ ఆయన్ను ట్రైనింగుకని అక్కడికి పంపింది, పిన్నీ వెంట వెళ్ళింది. తోటి ఉద్యోగి ఒకడు రెండు టికెట్లు చేతిలో పెట్టి, కామెడీ తీస్తున్నారు, వెళ్ళి నవ్వి రండి అన్నాడు. పిన్ని పట్టుచీర కట్టి, దాని మీద అక్కడి ఇల్లుగలావిడ ఇచ్చిన ఉన్ని కోటు వేసుకుని వెళ్ళింది. లోపల ఒక ఇల్లు వేసి ఉంది. దానికి ఒక వైపు గోడ లేదు, పైకప్పు లేదు. "వానొస్తే ఎలాగండీ?" అందట పిన్ని. మేడమెట్లు ఉన్నాయి గానీ పైన మేడ లేదు, ఒక బల్ల మాత్రం ఉంది. ప్రేక్షకుల నెత్తి మీద మైకులు వేలాడుతున్నాయి. ఆడేవాళ్ళకు కాదు, నవ్వేవాళ్ళకు. మొదలుపెట్టేముందు ఒకాయన వచ్చి పిట్టకథలు చెప్పి జనం నోళ్ళు వదులు చేసి వెళ్ళాడు. ఎక్కడైనా తప్పు పోతే అదే సీను మళ్ళీ తీసేవారు. అప్పుడు జనం మళ్ళీ అంతే నవ్వాలి. "మొదటిసారి ఎవడైనా నవ్వుతాడర్రా. అదే జోకుకి రెండోసారి అంతే నవ్వడం ఉంది చూశారూ, అదీ ఉద్యోగం" అనేవారు బాబాయ్.

ఆ సీరియల్లో పక్కింటివాళ్ళతో కంచె గురించి తగవులాడే ఒక రిటైరైన పోస్ట్‌మాస్టరు ఉంటాడు. దాని పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు, అంత గొప్పది కాదు. ఆ మాటంటే బాబాయ్‌కి కోపం వచ్చేది. "గొప్పవాటికి అందరూ నవ్వుతారు. దీనికి మేం నవ్వాం" అనేవారు. ఆ రోజు పోస్ట్‌మాస్టరు వేషం వేసిన ముసలాయన టీ కప్పుల ట్రేతో మెట్ల మీదనుంచి దొర్లుతూ పడాలి. పడ్డాడు. సరిగ్గా అప్పుడు ప్రేక్షకుల్లోంచి, మైకు కిందనుంచి, పెద్ద గొంతుతో "అయ్యో!" అని వినపడింది. ఇక్కడికి రాగానే బాబాయ్ ఆగి పిన్ని వైపు చెయ్యి చూపించేవారు. "మీ పిన్నే! జనమంతా మావైపు తిరిగి చూశారు. ఆ ముసలాయన కింద పడుకునే, పగలని కప్పొకటి పైకెత్తి, 'థాంక్యూ, మేడమ్' అన్నాడు. హాలు పగిలిపోయింది! ఎపిసోడు మొత్తానికి అదే పెద్ద నవ్వు. అది తీసెయ్యకుండా అలాగే ఉంచారని తరవాత తెలిసింది. అంటే ఇంగ్లీషువాళ్ళ టీవీలో మన తెలుగు మాట ఉంది!"

పిన్ని "ఆ, అన్నాను లెండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. నలుగురిలో సిగ్గుపడుతోందనుకునేవాళ్ళం.

ఆ ఎపిసోడు మాత్రం ఆయన దగ్గర లేదు. మిగతా కామెడీల క్యాసెట్లు, సీడీలు అన్నీ ఉన్నాయి, అదొక్కటే దొరకలేదు. అందుకని మా ఆయన నమ్మేవాడు కాదు. "అంతా కోతలే. ఇంగ్లండ్ పోయిండు, టీవీ చూసిండు, గంతే" అనేవాడు ఇంటికొస్తూ దారిలో. బాబాయ్‌కి ఆ అనుమానం తెలుసు. "ఒక్కసారి అది దొరికితే మీ ఆయన చేత నమ్మిస్తానే" అనేవారు నాతో. తమాషాగానే అనేవారు గానీ, అందులో కాస్త బాధ కూడా ఉండేదని నాకు తెలిసేది. ఇంత నవ్వించిన మనిషిని అబద్ధాలకోరు అనుకుంటే ఎవరికైనా కష్టమే కదా.

మధ్యలో, దోహా పక్కనే ముఐథర్‌లో జరిగిన సంగతొకటి చెప్పాలి. బాబాయ్, పిన్ని, నేను సరుకులకని మల్లేశ్ వ్యానులో వెళ్ళాం. అట్టపెట్టె మోసుకుపోతున్న ఒక నేపాలీ అతను, ఎవరో ఒలకబోసిన మజ్జిగలో జారి, పెట్టెతో సహా కూలబడ్డాడు. టమాటాలు దుకాణమంతా దొర్లాయి. మల్లేశ్ పెద్దగా నవ్వాడు. ఎన్నో శుక్రవారాల శిక్షణ ఫలించి, మొదటిసారి సమయానికి నవ్వాడు. మెచ్చుకుంటారేమోనని బాబాయ్ కోసం చూస్తే, ఆయన అప్పటికే మజ్జిగలో మోకాళ్ళ మీద ఉన్నారు. అతని మోకాలు అటూ ఇటూ కదిపి చూస్తున్నారు.

"నవ్వుతావేరా వెధవా, టమాటాలు ఏరు!" అన్నారు.

"మీరే గద సార్ నేర్పిండ్రు?" అన్నాడు మల్లేశ్, నిజంగానే అర్థం కాక.

"అది టీవీరా. ఇది మోకాలు" అన్నారు బాబాయ్. ఇస్త్రీ ప్యాంటు పాడైపోయింది. దాని సంగతి ఆయనకు ఇల్లు చేరేదాకా గుర్తు రాలేదు.

ఆ తరవాత కొన్ని నెలలకు ఆ ఎపిసోడు దొరికింది. దాన్ని వెతికి తీసింది మా ఆయనే, బాబాయ్‌ని పట్టిద్దామన్న పట్టుదలతో. పాత టీవీ కార్యక్రమాలను దాచుకునే పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉంటారు కదా, వాళ్ళలో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. ముందు తానూ చూడకుండా, అందరి మధ్యే తేల్చుకుందామని శుక్రవారం ఫోన్లో పట్టుకొచ్చి టీవీకి కలిపాడు. సంగతి చెప్పగానే బాబాయ్ ఎగిరి గంతేస్తారనుకున్నాం.

ఆయన ముఖం పాలిపోయింది.

"ఇప్పుడెందుకు? ప్రింటు బాగుండదు" అన్నారు. బాగానే ఉందన్నాం. "భోజనాలయ్యాక బరువైనవి చూడకూడదు" అన్నారు. కామెడీ బరువేమిటన్నాం. రిమోట్ కనిపించడం లేదన్నారు. రిమోట్ ఆయన తొడ కిందే ఉంది. ఇక మా ఆయనకు అనుమానం రూఢి అయిపోయి, నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. కోతలే అని తేలిపోతుందేమోనని నాకే భయం వేసింది. ఆయన ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎప్పుడూ లేనిది, ముందు వరసలో కూర్చుంది. "వెయ్యవయ్యా" అంది మా ఆయనతో.

అంతా బాబాయ్ చెప్పినట్టే ఉంది. అదే కంచె, అదే పక్కింటివాళ్ళు, అవే మెట్లు. ముసలాయన ట్రే పట్టుకుని మెట్ల పైన కనిపించాడు. బాబాయ్ భుజాలు కదల్లేదు. ముసలాయన పడ్డాడు. కప్పులు ఎగిరాయి. ఆ నవ్వుల మధ్యలోంచి, శుద్ధంగా, కాకినాడ యాసతో వచ్చింది: "అయ్యో!"

మగ గొంతు.

పోస్ట్‌మాస్టరు కింద పడుకునే పగలని కప్పు పైకెత్తి, ప్రేక్షకుల వైపు చూసి అన్నాడు: "థాంక్యూ, సర్."

టీవీలో హాలు పగిలిపోయింది. మా హాల్లో ఎవ్వరికీ నవ్వు రాలేదు. మెల్లగా అందరం బాబాయ్ వైపు తిరిగాం. ఆయన లేచారు. చొక్కా సర్దుకున్నారు. ఎవ్వరి వంకా చూడకుండా, బూట్లు టకటకమంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి గిన్నెలు పడిన చప్పుడు వినపడింది.

"నీకు ముందే తెలుసా పిన్నీ?" అన్నాను.

"పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలీదుటే?" అంది పిన్ని. "బయటికి రాగానే, 'నువ్వే అన్నావని చెబుతానే, ఏమీ అనుకోకు' అన్నారు. సరే అన్నాను. ఆయనకు నవ్వేవాడని పేరు, నాకు జాలిదాన్నని పేరు. నాకు పోయేదేముంది?"

నేను వంటింట్లోకి వెళ్ళాను. బాబాయ్ రెండు డబ్బాల మూతలు తీసి, చెంచా పట్టుకుని నిలబడి ఉన్నారు. పంచదార ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు.

"మొదటిసారి నవ్వానే" అన్నారు, నేనేమీ అడగకుండానే. "ఒట్టు. బాగా నవ్వాను. ట్రే సరిగ్గా పడలేదని మళ్ళీ తీయాలన్నారు. ఆ ముసలాయన మళ్ళీ పడాలంటే మళ్ళీ పైకెక్కాలి కదా. గోడ పట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కాడు. జనం కబుర్లలో ఉన్నారు, ఎవరూ చూళ్ళేదు. నేను చూశాను. టీవీలో పడ్డమే చూపిస్తారు, ఎక్కడం చూపించరు. రెండోసారి పడేసరికి నవ్వు రాలేదే. నోట్లోంచి అదొచ్చేసింది. నవ్వడానికని పిలిస్తే వెళ్ళి అంత పని చేశాను."

ఆ క్షణంలో ఆయనంటే నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రెండు డబ్బాలు తీసిండ్రేంది బాబాయ్?" అన్నాను.

"ఏది టీపొడో ఏది కాఫీపొడో తెలీలేదు. ఎందుకైనా మంచిదని రెండూ వేశా" అన్నారు. అప్పటికే వేసేశారు.

ఆ టీ గురించి నేను ఎక్కువ చెప్పను. మల్లేశ్ ఒక గుక్క తాగి, కళ్ళనీళ్ళు తిరుగుతుండగా, నోరు తెరిచి, గట్టిగా మూసుకున్నాడు. చట్టం చట్టమే. అన్నామంటే మళ్ళీ టీ. బాబాయ్ మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశారు, ఇక రారేమో వీళ్ళు అన్నట్టు. మా ఆయన కప్పు ఖాళీ చేసి కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ కోతలన్నవాడు, బొటనవేలితో తన మోకాలి మీద ముద్ర గుద్ది, "పాస్, బాబాయ్" అన్నాడు. అప్పుడు కదిలాయి బాబాయ్ భుజాలు.

రిటైరై కాకినాడ వెళ్ళిపోయాక శుక్రవారాలు మా ఇంటికి మారాయి, కొన్నాళ్ళకు పలచబడ్డాయి. మొన్న పెద్దకర్మ అయిన తరవాత శుక్రవారం మాత్రం మల్లేశ్ పిలవకుండానే వచ్చాడు. టక్ చేసుకుని, బూట్లు వేసుకుని వచ్చాడు. పిన్నికి వీడియో కాల్ చేసి, ఫోను టీవీ పక్కన నిలబెట్టాం. పిన్ని బాగా చిక్కింది.

"రోజూ జనం వచ్చి అయ్యో అయ్యో అంటున్నారే" అంది. "ఒక్కళ్ళూ లేచి టీ పెట్టరు."

అందరం నవ్వాం, పిన్నీ నవ్వింది. పోస్ట్‌మాస్టరు ఎపిసోడు వేశాం. ఆయన ట్రేతో పడ్డాడు, బాబాయ్ అయ్యో అన్నారు, ముసలాయన థాంక్యూ సర్ అన్నాడు. మా ఆయన రిమోట్ నొక్కి ఆపేశాడు. మల్లేశ్ లేచాడు.

"బాబాయ్ అన్నడు గద. ఆయన వంతు నేను పెడ్త" అని వంటింట్లోకి పోయాడు. తెచ్చిన కప్పులు చూడగానే నాకు తెలిసిపోయింది. ఒక గుక్క తాగాను. అదే రుచి.

"ఎలా ఉందే? ముఖం అలా పెట్టావేం?" అంది పిన్ని ఫోన్లోంచి.

"బాబాయ్ పెట్టిన తీర్గనే పెట్టిన పిన్నీ. చాపొడి, కాఫీపొడి, రెండూ" అన్నాడు మల్లేశ్.

"అయ్యో, మళ్ళీ రెండూ వేశావా!" అంది పిన్ని.

అనేసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి టీ పెట్టమనే ధైర్యం మాకెక్కడిది? పిన్నే కళ్ళద్దాలు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "ఉండండి, కట్ చెయ్యకండి" అంటూ లోపలికి వెళ్ళింది. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. కాకినాడలో స్టవ్ వెలిగించిన చప్పుడు, గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడు వింటూ అందరం కూర్చున్నాం.